మామ చెవి ఆనించిన చెట్టు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఆయిల్ పీపాలు దింపించుకుంటుంటే బావ ఫోన్ చేశాడు. లారీ ఇంజిన్ ఆపలేదు. ఒక చెవి మూసుకుని రెండో చెవితో విన్నాను.

"మామ పడ్డడట," అన్నాడు బావ. "చెట్టు మీదికెళ్లి. దవాఖానకు తీస్కపోయేవరకే అయిపోయిందట."

నేనడిగిన మొదటి మాట, "ఏ చెట్టు?"

బావ, "మనిషి పోయిండని చెప్తుంటే చెట్టు పేరు అడుగుతవేంది నువ్వు?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట నేనెందుకు అడిగానో బావకు తెలియదు. అది తెలిసిన రెండో మనిషి పోయాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలంటే ఆ చెట్టు సంగతి కూడా రాయక తప్పదు.

మామ మాకు చుట్టం కాదు. తాటిచెట్లు గీసి కల్లు దించే మనిషి. ఉప్పల్ మీదుగా బోడుప్పల్ దాటి, అపార్ట్‌మెంట్లు అయిపోయి, ఇళ్లు ఇంకా రాక ప్లాట్ల రాళ్లు మాత్రమే నాటిన చోట ముప్పై ఒక్క తాటిచెట్లు ఉన్నాయి. వాటిని గీసింది ఆయనే. బావ, అంటే మా అక్క భర్త, మా ఫ్యాక్టరీలోనే వెల్డరు. పన్నెండేళ్ల కింద ఒక ఆదివారం నాచారంలో మా ఇంటి ముందు స్కూటర్ ఆపి, "కల్లు కంపౌండ్ల అమ్మేది కల్లు కాదు బామ్మర్దీ, మందు కలిపిన నీళ్లు. కల్లంటే ఏందో చూపిస్త, ఎక్కు," అన్నాడు. ఆ రోజు నుంచి కల్లు పారే కాలమంతా మా ఆదివారాలు అక్కడే గడిచాయి.

ఆయన దగ్గర తాగడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు గోనెపట్టా మీద కూర్చోబెట్టేవాడు. లేత తాటాకు మడిచి దోసిలిలా చేసి చేతికిచ్చేవాడు. దాన్ని రేక అంటారు. చెట్టు దించిన లొట్లు, అంటే కల్లుకుండలు, వరసగా పెట్టి, ఎల్లమ్మ తల్లి పేరు చెప్పి ప్రతి దాంట్లోంచి మూడు చుక్కలు నేల మీద చిలకరించి, మా కళ్లముందే ముందు తను ఒక గుక్క తాగేవాడు. ఆ తర్వాత మా రేకలో ఒక్క గుక్కెడు పోసేవాడు. అంతే పోస్తాడు. అది తాగి, అది ఏ చెట్టుదో మేము చెప్పాలి.

చెట్లన్నిటికీ పేర్లున్నాయి. పొద్దెక్కకముందే పులిసిపోయేది 'మేస్త్రి'. ఏడాదికోసారి మాత్రం మనసు పెట్టి పారేది 'దొరసాని'. రోడ్డు వైపు వంగింది 'వంకరది'. అన్నిటికంటే ఎక్కువగా, అన్నిటికంటే తియ్యగా పారే పొడవాటి చెట్టు 'పెద్దకోడలు'. ఆ పేరెందుకని అడిగితే, "ఎంత గీసినా ఒక్క మాట అనది. ఇంటిల్లిపాదికీ అదే పోస్తది," అన్నాడు.

బావ ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. "ఇది దొరసాని, డౌటే లేదు!"

"దొరసాని ఈ నెల పారుతనే లేదు. నీ నాలిక వెల్డింగ్ పొగకు మాడిపోయింది పిలగా. నీకు పోసినా గోడకు పోసినా ఒకటే."

"మరి గోడ పైసలిస్తదా మామా?"

"గోడ ఇన్ని మాటలు మాట్లాడది."

నేను చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాణ్ని. అప్పుడు మామ మెచ్చుకునేవాడు కాదు. ఇంకో సగం గుక్క పోసేవాడు. నన్ను అల్లుడా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తు లేదు.

రుచులయ్యాక అన్నాలు. చెట్ల పక్కన రేకుల గుడిసెలో అత్తమ్మ, అంటే మామ భార్య, మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చేది. నాటుకోడి కూర, పచ్చిపులుసు, వెల్లుల్లికారం. "తాగనీకి తొందరుండదు, తిననీకి మాత్రం ఎగవడ్తరు," అని తిడుతూనే రెండో రొట్టె వేసేది. ఆమె కల్లు ముట్టదు. వాసనతోనే ఏ లొట్టి పులిసిందో చెప్పేది.

మామ మాటలు కొన్ని ఇప్పటికీ అట్లాగే వినిపిస్తాయి. "కల్లుకు తొందరుంటది, తాగేటోనికి ఉండొద్దు," అనేవాడు. ఇంకొకటి, నవ్వకుండా అనేది: "నేను ఎక్కినన్ని దినాలే ఈ చెట్లకు బతుకు." ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆ భూమి ఆయనది కాదు. ప్లాట్లు చేసిన ఆసామి, ముసలాయన గీసినన్నాళ్లు చెట్ల జోలికి రానని పెద్దమనుషుల ముందు మాటిచ్చాడు. గీయడం ఆగిన రోజు చెట్లు కూల్చే మిషన్ వస్తుంది. ఆయన తర్వాత ఎక్కేవాళ్లు ఎవరూ లేరు. తెల్లసున్నం వేసి ఎర్ర నంబర్లు రాసిన రాళ్లు ఏటేటా చెట్ల వైపు జరుగుతూ వచ్చాయి. రెండేళ్ల కింద ఒక రాయి సరిగ్గా పెద్దకోడలు మొదట్లోనే లేచింది. మామ దాని మీద తన మోకు వేలాడదీసేవాడు. మోకంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే తాడు. "మంచిగనే పాతిన్రు, నాకు కొక్కెం లేకుండె," అన్నాడు. మేం నవ్వాం. అత్తమ్మ నవ్వలేదు.

ఇక ఆయన చెట్టెక్కే తీరు చెప్పాలి. ఎక్కే ముందు కత్తి పిడితో మానును మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. చెట్టు లోపల గట్టిగా ఉందా, డొల్లయిందా అన్నది ఆ చప్పుడులో తెలుస్తుంది. "అడగకుండ ఎవరి మీదికీ ఎక్కొద్దు," అనేవాడు. ఏళ్ల తరబడి అట్లా తల ఆనించడం వల్ల ప్రతి మాను మీదా ఆయన చెవి ఎత్తులో అరచేతి వెడల్పున ఒక మచ్చ ఉండేది. తల నూనెకూ చెమటకూ నల్లబడి, నునుపు తేలిన మచ్చ.

కింద ఒక్కసారి కొట్టి ఊరుకునేవాడు కాదు. ఎక్కుతూ కూడా మూరెడు మూరెడుకూ కొట్టుకుంటూ పోయేవాడు. కింద కూర్చున్న మాకు ఆ చప్పుడు వినిపించేది. టక్, టక్, టక్. పైకి పోయిన కొద్దీ సన్నబడేది. ఆ చప్పుడు వింటూ గోనెపట్టా మీద కూర్చోవడం నాకు కల్లు కంటే ఇష్టంగా ఉండేది.

పోయిన ఏడాది నుంచి పైకెక్కేటప్పుడు ఆ చప్పుడు రావడం లేదు. నేను గమనించాను. వయసు మీద పడింది, మోకాళ్ల నొప్పులు, తొందరగా ఎక్కి దిగాలనుకుంటున్నాడేమో అనుకున్నాను. అడగలేదు.

ఈ సీజన్ మొదట్లో ఒక ఆదివారం, పక్క ప్లాటులో ఇల్లు కట్టేవాళ్లకు నీళ్లు తెచ్చిన ట్యాంకర్ వెనక్కి వస్తోంది. హారన్ కొడుతోంది, క్లీనర్ అరుస్తున్నాడు. మామ దానికి వీపు పెట్టి కత్తి నూరుకుంటున్నాడు. కదల్లేదు. నేను పరిగెత్తి భుజం పట్టి లాగాను. ట్యాంకర్ చక్రం ఆయన కూర్చున్న రాయిని తొక్కి ఆగింది.

మామ చక్రాన్ని చూశాడు. నన్ను చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. డ్రైవర్ కిందికి దిగి, "ఏం పెద్దమనిషీ, చెవుడా?" అన్నాడు. మామ వాడి పెదాల వైపు చూసి, "ఆ, ఆ, పోనీ," అన్నాడు.

తర్వాత నన్ను చెట్ల వెనక్కి తీసుకుపోయి మెల్లగా అన్నాడు. మెల్లగా అనుకునే అన్నాడు కానీ అది గట్టిగానే వచ్చింది. "మీ అత్తకు చెప్పకు. చెప్తే కత్తి దాస్తది. కత్తి దాస్తే ఇగ రాళ్లు గుడిసెలకే వస్తయి."

నేను తలూపాను. మాట్లాడితే ఆయనకు వినపడేదీ కాదు.

"ఇంకో పని చెయ్యి," అన్నాడు. "నువ్వు పీపాను కొట్టి ఆయిల్ ఎంతున్నదో చెప్తవని మీ బావ అన్నడు. నిజమేనా?"

నిజమే. ఇరవై ఆరేళ్లుగా స్టోర్స్‌లో అదే పని. పీపాను వేలి కణుపుతో కొడితే నిండుగా ఉన్న మేరకు మొద్దు చప్పుడు, ఖాళీ ఉన్న చోట మోగే చప్పుడు. మూత తీయకుండా నాలుగు వేళ్ల తేడాతో చెప్పగలను. ఎవరూ నేర్పలేదు, కొట్టీ కొట్టీ వచ్చింది.

"మరి చెట్టు గూడ గంతే," అన్నాడు మామ. "మొద్దుగ పలికితే మంచిది. డప్పు తీరు మోగితే నాకు చెయ్యి అడ్డం పెట్టు. నేను గా చెట్టు ఎక్కను."

ఆ ఆదివారం నుంచి మామ కత్తి పిడితో కొట్టేవాడు, నేను చెవి పెట్టేవాణ్ని. అత్తమ్మ చూస్తుందని తను కూడా అవతలి వైపు తల ఆనించి, వింటున్నట్టు కళ్లు మూసుకునేవాడు. నేను తలూపితే ఎక్కేవాడు. బావకు ఇదంతా ఆటలా కనిపించింది. "ఇంజినీరు సాబ్ వచ్చిండు, జరగున్రి!" అని ఎగతాళి చేసేవాడు.

రోజువారీ సంగతులు నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. ఈ సీజన్‌లో ఆదివారం పేజీల్లో చెట్ల పేర్లు రాశాను. పేరు, ఎదురుగా మంచిది, లేదా వద్దు. రెండింటికి వద్దు అని రాశాను. ఒకటి వంకరది. దాన్ని కొడితే నిజంగానే డప్పులా మోగింది. మామ వాటికి గడ్డితాడు చుట్టి, మళ్లీ ముట్టలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ నాకు చాలా సంతోషంగా ఉండింది. ఒక మనిషిని కాపాడాననుకున్నాను.

ఎండలు ముదిరే వేళకు పెద్దకోడలు మీద చిలకలు చేరాయి. బావే ముందు చూశాడు. "అటు చూడు బామ్మర్దీ, పెద్దకోడలు నెత్తి మీద చిలకలు కాపురం పెట్టినయి!"

పచ్చగా రెండు వచ్చి, మట్టల కింద ఎక్కడో దూరి, మళ్లీ బయటికొచ్చి అరిచి ఎగిరిపోయేవి. అత్తమ్మ రొట్టె చేస్తున్న చేయి ఆపి చూసింది. "ఉండనియ్యి, వాటికన్న ఉంటది ఒక ఇల్లు," అంది. మామ కూడా తలెత్తి నవ్వాడు. ఆ అరుపు ఆయనకు వినపడలేదని నాకొక్కడికే తెలుసు అనుకున్నాను. ఆ రోజు నా పుస్తకంలో ఉన్న వాక్యం ఇది: 'పెద్దకోడలు - మంచిది. చిలకలున్నవి.'

ఆ రెండు మాటలూ పక్కపక్కనే రాశాను. నా చేత్తోనే.

అదే రోజు అన్నాలయ్యాక అత్తమ్మ బూడిదతో గిన్నెలు తోముతోంది. బావ చెట్టు నీడలో పడుకున్నాడు. మామ లొట్లు కడగడానికి బోరింగు దగ్గరికి పోయాడు. అత్తమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"అల్లుడా, ఒకటి అడుగుత, నిజం చెప్పు. మీ మామకు ఇనొస్తలేదు గదా?"

నేను చెప్పిన జవాబు ఇది. "ఇనొస్తది అత్తా. ఇందాక నేను పిలిస్తే పలికిండు."

ఆమె తోముతున్న గిన్నె పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "సరే. నువ్వు అంటున్నవు గద," అని మళ్లీ తోమడం మొదలుపెట్టింది. బూడిద గరగరలాడిన చప్పుడు నాకు గుర్తుంది.

చివరి ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. తాటాకులు ఒకదానికొకటి కొట్టుకుని, ఎండిన తోళ్లు దులిపినట్టు చప్పుడు. తొమ్మిది చెట్లకు చెవి పెట్టాను. తొమ్మిదింటికీ తలూపాను. పెద్దకోడలు దగ్గర మామ ఎక్కకుండా కాసేపు నిలబడి పైకి చూశాడు.

"మస్తు ఊగుతున్నయి గదా ఆకులు?" అన్నాడు. "నాకు ఊగుడే కనవడ్తది అల్లుడా. సప్పుడు లేదు. ఎవరో దూరంకెళ్లి చెయ్యి ఊపి రమ్మన్నట్టు ఉంటది."

నేను ఏదో ఒకటి అనాల్సింది. ఈ రోజు వద్దు మామా అని చేతితోనైనా చెప్పాల్సింది. ఆయన మోకు చుట్టుకున్నాడు. నా భుజం తట్టి, "మంచిదన్నవు గదా, ఇంకేం ఫికర్," అని ఎక్కాడు. ఆ రోజు క్షేమంగా దిగాడు. ఆ చెట్టు కల్లు అన్నిటికంటే చివర పోశాడు. నేను గుర్తుపట్టాను. సగం గుక్క ఎక్కువ పోశాడు.

రెండు రోజులకు బావ ఫోన్ వచ్చింది.

అంత్యక్రియలప్పుడు జనం ఎక్కువ. చెట్లవైపు పోలేదు, ఎవరినీ అడగలేదు. తర్వాతి ఆదివారం పొద్దున స్కూటర్ మీద ఒక్కణ్నే పోయాను. బావ రానన్నాడు. "నా వల్ల కాదు బామ్మర్దీ, గా పట్టా మీద కూసోలేను," అన్నాడు. రోడ్డు మీదినుంచి చూస్తే చెట్ల వరసలో ఒక చోట ఆకాశం ఎక్కువ కనిపిస్తోంది. అది ఏ చెట్టు ఉండాల్సిన చోటో చూడగానే తెలిసింది. అడగాల్సిన పని లేకుండా పోయింది.

అత్తమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలుగుతోంది. నన్ను చూసి పీట జరిపింది.

"నువ్వు మంచిదన్న చెట్లే ఎక్కుతుండె," అంది. "మిగిలినయి వట్టిగ ఇడిసిపెట్టిండు. నా అల్లుడు చూసిండు, ఫికర్ లేదు అంటుండె. ఆ దినం గూడ గదే మాట అని పోయిండు."

ఆమె నన్ను నిందించడం లేదు. ఓదారుస్తోంది. అది తట్టుకోలేక, నా బతుకులో ఎన్నడూ లేనిది, అడగకుండానే నోరు తెరిచాను.

"అత్తా, ఆ రోజు నువ్వు అడిగితే నేను అబద్ధం చెప్పిన. మామకు ఇనొస్తలేదు. నాకు తెలుసు. సీజన్ మొదటికెళ్లి తెలుసు."

అత్తమ్మ రొట్టె తిప్పింది. రెండో వైపు కూడా కాల్చింది.

"యాభై ఏండ్లు ఆ మనిషి ఎనక అరిచినదాన్ని," అంది. "ఏ దినం నుంచి ఇనొస్తలేదో నాకు తెల్వదా?"

నేను ఆమె వైపు చూశాను.

"నాకు తెల్వక అడగలే అల్లుడా. నా మాట ఆయన ఎన్నడు ఇన్నడు గనుక? నువ్వు వద్దంటే ఆగుతుండె. నీ నోట్లెకెళ్లి ఆ మాట వస్తదేమో అని అడిగిన."

తర్వాత రొట్టె నా పళ్లెంలో వేసింది. "తిను. సల్లారుతది," అంది. తిన్నాను. ఎప్పటిలాగే రెండోది కూడా వేసింది. ఈసారి తిట్టలేదు.

తిన్నాక చెట్ల లోపలికి పోయాను. పెద్దకోడలు తల లేదు. పై మూడో వంతు విరిగి, మట్టలతో, రెండు పగిలిన లొట్లతో ప్లాటు రాయికి అడ్డంగా పడి ఉంది. విరిగిన చోట లోపల చెక్క లేదు. గోధుమరంగు పొడి, దాంట్లో కొన్ని పచ్చని ఈకలు. చిలకలు గట్టి మానులో ఇల్లు పెట్టవు. డొల్ల చూసుకునే దూరుతాయి. అవి నెల రోజులు మా కళ్లముందే లోపలికి పోయి వస్తుంటే, ముద్దుగా ఉన్నాయని చూస్తూ రొట్టెలు తిన్నాం.

ఇంకొకటి కూడా అప్పుడు తెలిసింది. పీపాలో ఆయిల్ ఎంత ఉన్నా అడుగునే ఉంటుంది, ఖాళీ పైనుంచి వస్తుంది. పీపా నా ఎత్తు దాటదు కాబట్టి మొత్తం నా వేలికి అందుతుంది. ఈ చెట్టు నా ఎత్తుకు పది రెట్లు. నేను చెవి పెట్టింది అడుగున. అందుకే మామ మూరెడు మూరెడుకూ కొట్టుకుంటూ ఎక్కేవాడు. వినపడనివాడికి అది దండగ కాబట్టి మానేశాడు. పైనున్నదంతా నా తలూపు మీద వదిలేశాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. నా చెవి అందిన మేరకు ఆ చెట్టు గట్టిదే.

మొండి మాను అట్లాగే నిలబడి ఉంది. దాని మీద ఆ మచ్చ, నల్లగా, నున్నగా. మామ నాకంటే పొట్టి. ఇన్నాళ్లూ ఇటువైపు నా ఎత్తులో చెవి పెట్టిన నేను, మొదటిసారి వంగి, ఆయన చెవి ఆనించిన చోట నా చెవి ఆనించాను. అక్కడ ఇంకా కొబ్బరినూనె వాసన ఉంది. వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాను.

నిండు పీపా చప్పుడు. మొద్దుగా, గట్టిగా, ఏ లోపమూ లేనట్టు పలికింది.